శీతదంష్ట్రుడి బొంతకు నాలుగో అంచు

నడిసముద్రంలో పగడపు దిబ్బల మధ్య నిటారుగా లేచింది ధూమ్రగిరి. దాని నెత్తిమీద వైడూర్యాలు తాపిన స్తంభాలతో, ముత్యాల జాలరులు ఊగే గవాక్షాలతో, నెమలికంఠపు రంగు చలువరాతి నేలతో, దేవేంద్రుడు చూస్తే ఇల్లు మారిపోదామా అని శచీదేవిని అడిగేంత వైభవంగా వెలిగిపోతోంది మహామాంత్రికుడు శీతదంష్ట్రుడి శయనమందిరం. పడమటి గవాక్షంలోంచి జారిన సాయంకాలపు ఎండ నేలంతా బంగారు పూత పూసింది. ఆ వైభవానికి నట్టనడుమ, ఏనుగుదంతపు పట్టెమంచం మీద, కంబళి మీద కంబళి కప్పుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, చుట్టూ కుంపట్లు పెట్టించుకుని, ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడు సదరు మహామాంత్రికుడు.

ముల్లోకాలనూ గడగడలాడించినవాడని పేరు. ముల్లోకాల సంగతి దేవుడెరుగు, ప్రస్తుతం గడగడలాడుతున్నవి ఆయనగారి పళ్ళే.

"ముసలిదానా! సూర్యబింబం సముద్రాన్ని తాకేలోగా నాలుగో అంచు మూయబడాలి! లేకపోతే నిన్ను..." అని గర్జించబోయి తుమ్మాడు. ఆ తుమ్ముకు గదిలో దీపాలు సగం ఆరిపోయాయి.

"చల్లగా బతుకు నాయనా," అంది మంచం పక్కన చతికిలబడి బొంత కుడుతున్న ముసలమ్మ.

"చల్లగా అనకు!" అని అరిచాడు మాంత్రికుడు. "నా ఎదుట ఆ మాట ఎవరూ అనరాదు!"

"అయితే వెచ్చగా బతుకు. నాకేటి పోయింది," అని ముసలమ్మ దారానికి మైనం రాసుకుంది.

ఆ ముసలమ్మ ముసలమ్మ కాదు. జుట్టుకు పట్టించింది పొయ్యిబూడిద, ముఖం మీది ముడతలు చెరువుమట్టి, నడుము వంగింది వేషం కోసం. పేరు నూకాలు. ఆవలి ఒడ్డున గవ్వలపేట ఆమె ఊరు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి ఆమె కుట్టిన బొంత కప్పుకుంటే మాఘమాసం కూడా మర్యాదగా పక్కకు తప్పుకుంటుందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఇక వీపు మీది గూని అంటారా, అది అటుకుల మూట. మొగుడికోసం తెచ్చింది.

ఆ మొగుడు గవరయ్య, పడవ నడుపుతాడు. గాలితో వాడికి చిన్నప్పటినుంచీ చనువు. ఓసారి తుఫానులో తెరచాప చిరిగిపోతే పెళ్ళాం చీరకొంగునే తెరచాప కట్టి పడవను ఒడ్డుకు చేర్చాడు. పెళ్ళాం ఆ చీరలో ఉండగానే చేర్చాడు. ఆ రోజు పడ్డ తిట్లు గవ్వలపేటలో ఇప్పటికీ పిల్లలకు నేర్పుతారు.

మొన్నామధ్య రత్నకుంజ రాజ్యపు యువరాజు మకరందవర్మ మాంత్రికుణ్ణి సంహరించి వస్తానని ఊరందరి ముందూ శపథం చేసి గవరయ్య పడవెక్కాడు. ధూమ్రగిరి దగ్గర దిగేటప్పుడు శంఖం తీసుకున్నాడు, పూలదండ తీసుకున్నాడు, అద్దం కూడా తీసుకున్నాడు. కత్తి మాత్రం పడవలో మరిచిపోయాడు. 'పాపం కుర్రోడు, దేంతో చంపుతాడు?' అని గవరయ్య ఆ కత్తి పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు. పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు.

ఇప్పుడు ఇద్దరూ నూకాలు ఒళ్ళోనే ఉన్నారు. యువరాజు జరీపూల ఎర్రపట్టు ముక్కగా, గవరయ్య నీలిగళ్ళ పంచె ముక్కగా.

శీతదంష్ట్రుడి విద్య అది. ఎదురుపడిన మనిషిని గుడ్డముక్క చేసి, తన చిన్ననాటి బొంతకు అతుకు వేస్తాడు. సైనికులు, సన్యాసులు, పన్ను అడగడానికి వచ్చిన అధికారులు, దారితప్పిన బైరాగులు, అంతా ఆ బొంతలో అతుకులే. బొంత పెరిగి పెరిగి పెళ్ళిపందిరంత అయింది. మూడు అంచులు మూతపడ్డాయి. నాలుగో అంచు కూడా ఈ మూలనుంచి ఆ మూలదాకా మూసేసి, పొద్దు గుంకే వేళకు దానికింద పడుకుంటే మాంత్రికుడికి ఇక చలీ లేదు, చావూ లేదు. అతుకులైనవాళ్ళు మళ్ళీ మనుషులయ్యేదీ లేదు.

వచ్చిన చిక్కల్లా సూదితోనే. ఆ బొంతలోకి దిగేది మాంత్రికుడి తల్లి వాడిన ఎముకసూది ఒక్కటే. అది మంత్రాన్ని లెక్కచెయ్యదు. పని తెలిసిన మనిషి చేతికైతేనే కదులుతుంది. అందుకే బొంతలు కుట్టేవాళ్ళు కావలెనని ఒడ్డంతా చాటింపు వేయించాడు. ఆ చాటింపు విని నూకాలు పొయ్యిబూడిద నెత్తిన పోసుకుంది. కోట గుమ్మంలో కాపలా దెయ్యం కత్తెర లాక్కుని, గూని తడిమి చూసి, జాలిపడి లోపలికి పంపింది.

నూకాలు వేసుకొచ్చిన ఎత్తు చాలా చిన్నది. గవ్వలపేటలో ఎవరూ బొంతను పూర్తిగా మూయరు. ఆఖరి మూలలో నాలుగు వేళ్ళు దూరేంత జాగా వదిలేస్తారు. దాన్ని ఊపిరిసందు అంటారు. ఇక్కడా మడతకింద ఎవరికీ కనపడకుండా ఆ సందు వదలాలి. అంచు మూతపడదు, మంత్రం పారదు. మాంత్రికుడు ఇదేమిటని తలగోక్కుంటుండగా, సరిగ్గా ఆ మూలలోనే ఉన్న నీలిగళ్ళ ముక్కను పీకి రొంటిన దోపుకుని పరుగు లంకించుకోవాలి. మొగుణ్ణి మనిషిని చేసే విద్య ఎవరి దగ్గరుందో తర్వాత వెతుక్కోవచ్చు. ముందు ఇంటికి చేర్చుకోవాలి.

కుట్టని అంచు మీదికి పట్టీగుడ్డను మడిచి, మళ్ళీ మడిచి, బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి, సూది దించింది.

"అమ్మా! అది నా మోకాలు!" అంది ఒక కాషాయపు ముక్క.

"ఓ వృద్ధాంగనా!" అంది ఎర్రపట్టు. "నీ సూచికాగ్రము మా నాభిస్థానమును బాధించుచున్నది. మేము యువరాజులము. మమ్ము చుట్టుదారిన కుట్టుము!"

"చుట్టుదారి లేదు బాబూ. పొట్ట లోపలికి పీల్చుకో," అని నూకాలు ఇంకో కుట్టు వేసింది.

ఆ పక్కనే ఏవో నేతచీర ముక్కలు గుసగుసలాడాయి. అవి ముందు వచ్చిన కుట్టుపని ఆడవాళ్ళు. గుడ్డలైపోయినా వాళ్ళ నోళ్ళకు విశ్రాంతి లేదు.

"కుట్టు దూరమైపోతన్నాది చూడవే. దగ్గరగా వెయ్యమను."

"మడత చూడు, వంకర. ఎవరి దగ్గర నేర్చుకున్నాదో."

"ఒలే పిల్లా, వినపడతాందా?" అంది వాళ్ళలో పెద్దది, వెలిసిపోయిన పసుపుపచ్చ చీరముక్క. "ఊపిరిసందు వదుల్దామని చూస్తన్నావు కదూ? మేవందరం అలాగే వదిలినాం. వేలు పెట్టి తడుముతాడు. దొరికిపోయినాం. ఇదిగో, ఇక్కడున్నాం."

నూకాలు చెయ్యి ఆగిపోయింది. ఉన్నది ఒక్క ఎత్తు, అదీ పాతబడ్డదే! గవాక్షంలోంచి చూసింది. సూర్యుడు సముద్రానికి ఇంకా తాటిచెట్టంత ఎత్తున ఉన్నాడు. దూరంగా ఆవలి ఒడ్డున గవ్వలపేట కాటిలో మంట కనబడుతోంది. పూర్వపు రాజుల కాలంనుంచి ఆరని మంట అది.

అప్పుడే మూలలోంచి నీలిగళ్ళ ముక్క ముక్కు ఎగబీల్చింది.

"అటుకులు," అంది. "వేపిన అటుకులు. కరివేపాకేసి. ఇది మా నూకాలు వేపిన వాసన!"

"నోర్ముయ్యి మావా," అంది నూకాలు పళ్ళ బిగువున.

"నూకాలూ! నువ్వేనేటే? ఆ జుట్టేటి? ముసలిదానివైపోయినావేటే? నేను గుడ్డనై ఎన్నాళ్ళయిందే?"

"బూడిదయ్యా అది! చిన్నగా మాట్లాడు."

"ఎందుకొచ్చినావే ఈ కొంపకి? పో, వెళ్ళిపో. నీక్కూడా పచ్చచీరో పూలచీరో చేసి కుట్టేస్తాడు."

"ఇంట్లో చూరు కారతన్నాది. ఎక్కి తాటాకు కప్పేవాడు లేడు, అందుకొచ్చినాను," అని నూకాలు విసురుగా అంది. అన్న తర్వాత విసురంతా కన్నీళ్ళలోకి దిగిపోయింది. "చూరు కారితే కారనీ మావా. నువ్వు లేకపోతే నాకు అన్నం సయించడం లేదు. పొద్దున్నే పడవ తాడు విప్పుతూ నువ్వు పాడే ఆ దిక్కుమాలిన పాట వినకపోతే నాకు తెల్లవారినట్టే లేదు. నిన్ను తీసుకుపోకుండా ఇక్కణ్ణించి నేను కదలను."

"పాట అంత బాగుంటాదేటే?" అని అడిగింది గళ్ళముక్క.

"బాగోదు. అయినా కావాలి."

"హృదయద్రావకము," అంది ఎర్రపట్టు ముక్కు తుడుచుకోలేక. "కాని మా నాభిని గూర్చి మరువకుము."

గవరయ్యకు ఆనందం పట్టలేదు. పట్టకపోతే వాడు ఏం చేస్తాడో నూకాలుకు తెలుసు, ఆపేలోగానే చేసేశాడు. "నా పెళ్ళాం వచ్చినాదిరోయ్!" అని గది దద్దరిల్లేలా కేకపెట్టాడు.

శీతదంష్ట్రుడు సరిగ్గా ఆ క్షణానే దురద పుట్టి చెవిలో దూది తీశాడు.

"పెళ్ళామా?"

కంబళ్ళన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. మాంత్రికుడు చెయ్యి ఊపాడు. గదిలో సుడిగాలి లేచి నూకాలు జుట్టులోని బూడిదను ఊడ్చుకుపోయింది, ముఖం మీది మట్టిని రాల్చేసింది. నల్లటి జుట్టుతో, ఎర్రటి కళ్ళతో, చేతిలో ఎముకసూదితో నూకాలు మిగిలింది.

"ఓహోహో! మోసమా? నాతోనా?" అని మాంత్రికుడు నవ్వాడు. నవ్వు మధ్యలో రెండుసార్లు తుమ్మాడు. కుంపటిలోంచి ఎర్రటి నిప్పుకణికను పట్టకారుతో తీసి నీలిగళ్ళ ముక్కకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకున్నాడు. "నీ మొగుడు నూలుగుడ్డ. ఎంత చక్కగా అంటుకుంటాడో చూస్తావా?"

"వద్దు నాయనా! కుడతాను. నువ్వు చెప్పినట్టే కుడతాను," అంది నూకాలు.

"కుట్టు! సందు లేకుండా కుట్టు!"

కుట్టింది. కాషాయపు మోకాలు, పట్టు నాభి, ఎవరెవరి భుజాలో మోచేతులో, ఎవరు కెవ్వుమన్నా ఆగలేదు. అంచు సరసరా నడిచి నీలిగళ్ళ మూలకు చేరింది. ఇక మిగిలింది నాలుగు వేళ్ళ జాగా. చేతికి అలవాటు చొప్పున సూది అక్కడ ఆగిపోయింది.

మాంత్రికుడు అంచు పొడవునా వేలితో తడుముకుంటూ వచ్చాడు. వేలు సందులో దిగింది.

"ఇదిగో! మళ్ళీ ఇదే! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఈ ఒడ్డున బొంతను సాంతం కుట్టి ఏడవరా?"

"మా వైపు సాంతం కుట్టరు నాయనా," అంది నూకాలు. భయంలో నిజమే నోటికి వచ్చింది. "సాంతం మూసేది శవం మీద కప్పే బొంతకే. బతికున్నోళ్ళకి సందుంచుతారు."

"శవమా! మూఢత్వం! ఆడవాళ్ళ పిసినారితనానికి అదో సాకు! మా అమ్మా ఇలాగే సందు వదిలింది. దారం దాచుకుంది మహాతల్లి. రాత్రంతా ఆ సందులోంచి గాలి, నేరుగా నా అరికాళ్ళకి! కుట్టవే అమ్మా అంటే 'అది నీ ఊపిరిరా చిన్నోడా' అనేది. ఆనాడు పట్టిన చలి నన్ను నేటికీ వదల్లేదు. దానికోసం నేను తపస్సు చేశాను, మంత్రాలు నేర్చాను, ఇంతమందిని అతుకులు వేశాను. ఆ సందు మూయబడి తీరాలి!" అంటూ కంబళ్ళు విసిరికొట్టి, మంచం మీద వెల్లకిలా పడుకుని, బొంతను గడ్డందాకా లాక్కున్నాడు. నిప్పుకణిక మాత్రం గాల్లోనే, గవరయ్య నెత్తిన, మంత్రబలంతో వేలాడుతోంది. "ఊఁ!"

ఎర్రటి సూర్యుడు సముద్రపు గీతను ముట్టబోతున్నాడు.

నూకాలు ఆ ముఖం వైపు చూసింది. గడ్డందాకా బొంత, పైన కళ్ళు మిటకరిస్తున్న తలకాయ. అచ్చం మేనమామ పోయినప్పుడు చాపమీద పడుకోబెట్టిన తీరు. ఆవిడకో ఆలోచన వచ్చింది.

వీడికి సగమే తెలుసు. వాళ్ళమ్మ చెప్పింది సగమే. మిగతా సగం పిల్లలకు ఎవరూ చెప్పరు.

నూకాలు సూదిని కుడిచేతినుంచి ఎడమచేతికి మార్చుకుంది.

గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి. గవ్వలపేటలో శవం బొంతకు ఆఖరి కుట్లు ఎడమచేత్తోనే వేస్తారు. ముందుకు కాదు, వెనక్కి వేస్తారు. ఆ ఆడవాళ్ళందరికీ అది తెలుసు. పసుపుపచ్చ ముక్క "ఓలమ్మో" అని ఊపిరితో అంది. "శవం కుట్టే!"

"చెయ్యి మార్చావేం?" అన్నాడు మాంత్రికుడు.

"కుడిచెయ్యి నొప్పెట్టింది నాయనా. ఇంత పెద్ద బొంత కదా."

"సరే, కానీ కానీ."

"నూకాలూ," అంది గళ్ళముక్క, నెమ్మదిగా. "ఏటి చేస్తన్నావో నీకు తెలుసు కదే?"

"తెలీదు మావా. నోరు మూసుకుని దేవుణ్ణి తలుచుకో."

వెనక్కొక కుట్టు. ఇంకొకటి. సందు మూడు వేళ్ళయింది, రెండయింది, ఒకటయింది. సూర్యుడు సముద్రాన్ని తాకాడు. ఆఖరి కుట్టు బిగిసింది.

నిప్పుకణిక ఆరి కింద పడింది. శీతదంష్ట్రుడి పళ్ళు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కొట్టుకోవడం మానేశాయి.

"వెచ్చగా ఉంది," అన్నాడు చిన్నపిల్లాడిలా. "ఓహో! ఎంత వెచ్చగా ఉంది! ఇక నాకు చావు..."

బొంత వాడి నోరు మూసింది. అంచు గడ్డం దాటింది, ముక్కు దాటింది, నెత్తి దాటింది. తర్వాత చాప చుట్టినట్టు చుట్టుకుంది, ఒక చుట్టు, ఇంకో చుట్టు, గట్టిగా. మరి శవం బొంత అన్నాక చేసే పని అదే కదా!

శవం అన్నాక శోకాలుండాలి. కుట్టుపని ఆడవాళ్ళకు ఆ పద్ధతి గుడ్డలైనా గుర్తే. పసుపుపచ్చ ముక్క గొంతు సవరించుకుని రాగం ఎత్తింది. "ఓ నాయనో! ఓ నా తండ్రో! ఎంత మంచోడివి నాయనో..." అని ఆగింది. "ఒలే, వీడి మంచి ఏటి చెప్పాలే?"

"తెలీదప్పా. పళ్ళు బాగుండేవి అను."

"ఎంత మంచి పళ్ళు నాయనో! ఎంత చప్పుడు చేసేవి నాయనో!"

పోయినవాణ్ణి కాటికి మొయ్యడానికి నలుగురు కావాలి. ఈ బొంతలోనేమో ఒక ఊరికి సరిపడా మనుషులున్నారు. మంత్రబలమో, ఇన్నాళ్ళ కసో, అందరూ కలిసి ఒక్కసారి లేచారు. బొంతచుట్ట మంచం మీదినుంచి గాల్లోకి లేచి, ముత్యాల జాలరులు తెంపుకుని, గవాక్షంలోంచి బాణంలా దూసుకుపోయింది. దారం ఇంకా తెంపలేదు. దాని కొస నూకాలు ఎడమ మణికట్టుకు చుట్టుకుని ఉంది. గవాక్షంలోంచి నూకాలు కూడా వెళ్ళిపోయింది.

కింద సముద్రం, పైన ఆకాశం, మధ్యలో మైనం రాసిన ఒక దారం! గాలికి చీర బుడగలా ఉబ్బింది. వీపు మీది మూట పటుక్కున తెగి అటుకులన్నీ సముద్రం మీద చల్లినట్టు రాలిపోయాయి. ఎక్కడినుంచి వచ్చాయో గాని, సముద్రపు కాకులు గుంపులు గుంపులుగా వెంటపడ్డాయి.

"అటుకులు! అయ్యో, అటుకులే!" అని బొంతచుట్ట లోంచి గవరయ్య గొంతు ఏడ్చింది.

"నేను పోతన్నాను మావా, అటుకులు కాదు!" అని అరిచి నూకాలు దారం పట్టుకుని ఎగబాకింది. వేళ్ళు కోసుకుపోయాయి. మోచెయ్యి కొట్టుకుపోయింది. చివరికి బొంతచుట్ట మీదికెక్కి, గేదెమీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని ముందుకు చూసింది.

చూసి ఉండకపోతేనే బాగుండేది. ఆవలి ఒడ్డు ముంచుకొస్తోంది. ఒడ్డుమీద కాటి మంట నాలుకలు చాస్తోంది. శవం బొంత ఎక్కడికి పోతుందో అక్కడికే ఇదీ పోతోంది. దాంట్లో మాంత్రికుడొక్కడే లేడు. గవరయ్య ఉన్నాడు, యువరాజు ఉన్నాడు, మోకాలి సన్యాసి ఉన్నాడు, మంచి పళ్ళ శోకాలు పెడుతున్న ఆడవాళ్ళంతా ఉన్నారు.

"ఆగండ్రోయ్! దింపండ్రోయ్! అక్కడ మంటుందిరోయ్!" అని నూకాలు బొంతను గుద్దింది.

"ఎలాగాపుతాం తల్లీ? శవాన్ని లేపినాక మధ్యలో దింపకూడదు కదా!" అన్నాయి లోపలినుంచి గొంతులు.

నూకాలు ఇక ఎవరినీ అడగలేదు. నీలిగళ్ళ మూల ఎక్కడుందో తడిమి పట్టుకుంది. ఎముకసూది మొనను తన ఆఖరి కుట్టుకింద దూర్చి పైకి లాగింది. తను వేసిన కుట్టు, తనే తిట్టుకుంది ఇంత గట్టిగా ఎందుకు వేశానా అని. పళ్ళు పెట్టి కొరికింది. ఒక కుట్టు తెగింది. రెండోది తెగింది. నాలుగు వేళ్ళ సందు తెరుచుకుంది. ఆ సందులోకి సముద్రపు గాలి బుస్సుమని దూరింది.

నీలిగళ్ళు ఉబ్బాయి. ఆ సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచేతినిండా పడవతాడు ఒరుసుకుపోయిన కాయలు. నూకాలు ఆ చెయ్యిని రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది. ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చాయి.

"తర్వాత ఏడుద్దువు గాని, లాగవే!" అన్నాడు గవరయ్య.

లాగింది. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, నడుందాకా వచ్చి ఇరుక్కుపోయాడు.

"ఏటి మావా, అన్నం లేకుండానే ఇంత లావెలాగయినావు?"

"లావు కాదే! కాళ్ళు పట్టుకున్నాడు! ఆ మంత్రగాడు నా కాళ్ళు పట్టుకుని యాలాడతన్నాడు!"

నూకాలు వంగి సందులోకి చూసింది. లోపల చీకట్లో రెండు కళ్ళు. మంత్రాలు పోయాయి, గర్జనలు పోయాయి. శీతదంష్ట్రుడు గవరయ్య పిక్కలు వాటేసుకుని, చేపపిల్లలా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ నోట్లోంచి వచ్చిన మాట ఏ తపస్సులోనూ నేర్చింది కాదు, వాళ్ళమ్మ ఊరిది.

"ఊపిరాడ్డం లేదే అమ్మా. సందుంచవే. నాలుగు వేళ్ళు చాలు..."

"దీన్ని దింపే మంత్రం చెప్పు ముందు!"

"మర్చిపోయినాను. ఉక్కపోతకి అన్నీ మర్చిపోయినాను."

కాటి పొగ ముఖానికి కొట్టింది. బొంత ముందు కొస నేలవైపు తల వంచింది. ఎర్రపట్టు లోపలినుంచి "మాకు చెమట పట్టుచున్నది!" అని ప్రకటించింది. అంచు మొత్తం తెరిస్తే లోపలున్నవాళ్ళందరికీ ఊపిరి, పైగా గుడ్డ విచ్చుకుంటే తెరచాపలా గాలి పడుతుంది. కాని అదే అంచులోంచి శీతదంష్ట్రుడూ బయటపడతాడు. చెయ్యి కాలూ స్వాధీనమయ్యాక వాడికి ఏ మంత్రం ఎప్పుడు గుర్తొస్తుందో ఎవరు చెప్పగలరు? తెరవకపోతే, మొగుణ్ణి పట్టుకుని మాంత్రికుడు, మాంత్రికుణ్ణి చుట్టుకుని ఒక ఊరు, అందరూ కలిసి మంటలోకి.

"మావా! చీరకొంగుతో పడవ నడిపినావు కదా. పందిరంత బొంతతో నడపగలవా?"

గవరయ్య వేలు నాలుకతో తడిపి గాల్లోకెత్తి చూశాడు. పొగ ఏ పక్కకు వాలుతోందో చూశాడు. ముఖం వెలిగిపోయింది. "దక్షిణపు గాలే! ఆ కొస నువ్వు పట్టు, ఈ కొస నేను పడతాను. కానీ వాడు బయటికొస్తాడు కదే?"

"రానీ. ఈ సూది ఇంకా నా చేతిలోనే ఉన్నాది."

సందులోంచి మంచులాంటి వేళ్ళు బయటికి వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాయి. "నాలుగు వేళ్ళు చాలమ్మా," అంది ఆ గొంతు. "నాలుగే..."

"నాలుగు వేళ్ళేటి చిన్నోడా," అంది నూకాలు, దారాన్ని పళ్ళకింద బిగించి. "అంచంతా ఇస్తాను. ఎవరి ఊపిరి వాళ్ళు తీసుకోండి!"

ఆ మూలనుంచి ఈ మూలదాకా, దారాన్ని ఒక్క లాగు లాగింది.